ఎర్రబడ్డ వాల్వు ఏం చెబుతుంది?

విద్యుత్ గిటారు కచేరీని మీరు టెలివిజనులో చూసే ఉంటారు. వాయించేవారి వెనుక నల్లటి పెద్ద పెట్టె ఒకటి ఉంటుంది. అందులోనే ఆంప్లిఫయరు, లౌడ్‌స్పీకరు ఉంటాయి. చాలా పెట్టెల వెనుక తొంగిచూస్తే వరుసగా గాజుబుడ్లు కనిపిస్తాయి. వాటి లోపల నారింజ రంగు వెలుగు సన్నగా మినుకుతూ ఉంటుంది. అవి దీపాలనుకునేరు! వాటిని వాల్వులు అంటారు. అమెరికావారు వాటినే ట్యూబులు అంటారు.

మీ తాతగారి కాలంలో రేడియోలన్నీ వాల్వులతోనే పనిచేసేవి. పెళ్ళి పందిట్లో పాటలు వేసే మైకుసెట్టులోనూ అవే ఉండేవి. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టింది. ఆ తరువాత కొద్ది దశాబ్దాలలోనే వాల్వులు రేడియోల నుంచి, టెలివిజన్ల నుంచి వెళ్ళిపోయాయి. గిటారు ఆంప్లిఫయరులో మాత్రం నిలిచిపోయాయి. నేటికీ స్లొవేకియా, రష్యా, చైనా దేశాలలో కొత్త వాల్వులు తయారవుతున్నాయి.

బల్బు మాడిపోతే మనం ఏం చేస్తాం? కొత్తది తెచ్చి తగిలిస్తాం. పని అయిపోతుంది. ఆంప్లిఫయరులోని పెద్ద వాల్వును మార్చినప్పుడు అంతటితో సరిపోదు. 'బయాస్' సరిచూడాలి. సరిచూడకపోతే కొత్త వాల్వు కొద్ది నిమిషాలలోనే ఎర్రగా కాలి పాడైపోవచ్చు. ఎందుకో తెలుసుకుందాం రండి.

గాజుబుడ్డి లోపల

వాల్వులో గాలి ఉండదు. తయారుచేసేటప్పుడే లోపలి గాలిని పంపుతో తోడివేస్తారు. నడుమ నిలువుగా కాథోడు అనే సన్నని లోహపు గొట్టం ఉంటుంది. దానిపై బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడుల పూత ఉంటుంది. గొట్టం లోపల ఉన్న ఫిలమెంటు దానిని ఎర్రగా కాలుస్తుంది. వేడెక్కిన ఆ పూత నుంచి ఎలక్ట్రాన్లు ఆవిరిలా బయటకు వస్తాయి. చుట్టూ ఉన్న లోహపు రేకును ప్లేటు అంటారు. దానికి 400 వోల్టులకు పైగా ధన విద్యుత్తు ఇస్తారు. ఋణావేశం గల ఎలక్ట్రాన్లు ధనావేశం గల ప్లేటు వైపు పరుగెత్తుతాయి. ఈ ప్రవాహం ఒకే దిశలో సాగుతుంది. 1904లో ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ చేసిన వాల్వులో ఈ రెండు భాగాలే ఉండేవి.

1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ వీటి మధ్య ఒక సన్నని తీగల జాలీని పెట్టాడు. దానిని గ్రిడ్డు అంటారు. ఆ చిన్న మార్పు ఎంత పని చేసిందో చూడండి! గ్రిడ్డుకు కొద్దిగా ఋణ విద్యుత్తు ఇస్తే అది ఎలక్ట్రాన్లను వెనక్కి నెడుతుంది. గ్రిడ్డు మీద వోల్టేజి కొద్దిగా మారితే ప్లేటుకు చేరే ప్రవాహం ఎక్కువగా మారుతుంది. గిటారు తీగ కంపనం నుంచి పుట్టిన బలహీనమైన విద్యుత్తు బలంగా మారే రహస్యం ఇదే. మొదటి చిన్న వాల్వులు దానిని కొంత పెంచుతాయి. చివరి పెద్ద వాల్వులు లౌడ్‌స్పీకరును కదిలించేంత శక్తిని ఇస్తాయి. ఈ చివరివాటిని అవుట్‌పుట్ వాల్వులు అంటారు. మన కథ వీటి గురించే.

పేరులో ఉన్న సమాచారం

అమెరికా కంపెనీ ఆర్‌సిఎ 1936లో '6ఎల్6' అనే వాల్వును తెచ్చింది. మొదటి 6 అంకె దాని ఫిలమెంటుకు 6.3 వోల్టులు కావాలని చెబుతుంది. ఐరోపా వారి 'ఇఎల్34' పేరులో 'ఇ' అక్షరం కూడా అదే 6.3 వోల్టులను సూచిస్తుంది. 'ఎల్' అంటే శక్తినిచ్చే పెంటోడు. 3 అంకె అడుగున ఎనిమిది కాళ్ళ దిమ్మ ఉందని చెబుతుంది. 'ఇఎల్84'లో 8 అంకె చిన్నదైన తొమ్మిది కాళ్ళ అడుగును తెలుపుతుంది.

అమెరికాలో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో లియో ఫెండర్ అనే రేడియో మరమ్మతుదారు ఉండేవాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు! అయినా 1946లో ఆయన స్థాపించిన కంపెనీ ఆంప్లిఫయర్లు ప్రపంచమంతా పేరు పొందాయి. వాటిలో 6ఎల్6, 6వి6 వాల్వులు ఎక్కువ. 1960ల తొలి సంవత్సరాలలో లండనులో డ్రమ్ముల దుకాణం నడిపే జిమ్ మార్షల్, ఫెండరు వారి బాస్‌మన్ ఆంప్లిఫయరును నమూనాగా తీసుకొని తన ఆంప్లిఫయరును చేయించాడు. తరువాతి మార్షల్ ఆంప్లిఫయర్లలో ఇఎల్34 వాల్వులు ప్రసిద్ధి పొందాయి.

బయాస్ అంటే తూము తలుపు

చెరువుకు తూము ఉంటుంది కదా! తలుపు పూర్తిగా ఎత్తితే నీరు ఉరకలు వేస్తుంది. పూర్తిగా దించితే చుక్క కూడా రాదు. వాల్వులో గ్రిడ్డు అలాంటి తలుపే. పాట లేనప్పుడు ఆ తలుపును ఎంత ఎత్తులో నిలిపి ఉంచాలి? దానిని నిర్ణయించే ఋణ వోల్టేజినే బయాస్ అంటారు.

ఉదాహరణకు గ్రిడ్డు మీద ఋణ 52 వోల్టులు ఉంటే ప్రవాహం తక్కువ. దానిని ఋణ 48కి తెస్తే తలుపు కొంచెం పైకి లేచినట్లే, ప్రవాహం పెరుగుతుంది. ఇక్కడే విద్యార్థులు తికమకపడతారు. ఋణ సంఖ్య పెద్దదైన కొద్దీ తలుపు కిందికి దిగుతుందని గుర్తుంచుకోండి.

ఒకే పేరుగల రెండు వాల్వులు అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకే బయాస్ దగ్గర ఒకటి 30 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే మరొకటి 45 తీసుకోవచ్చు. అందుకే పాత వాల్వుకు సరిపోయిన బయాస్ కొత్తదానికి సరిపోతుందని చెప్పలేం.

రంపం పట్టిన ఇద్దరు

పెద్ద దుంగను కోసేటప్పుడు రంపానికి చెరొక వైపు ఇద్దరు నిలబడతారు. ఒకరు లాగినప్పుడు ఇంకొకరు వదులుతారు. పెద్ద గిటారు ఆంప్లిఫయర్లలో చాలావరకు అవుట్‌పుట్ వాల్వులు జంటగా ఇలాగే పనిచేస్తాయి. ధ్వని తరంగం పై సగాన్ని ఒక వాల్వు, కింది సగాన్ని ఇంకొక వాల్వు మోస్తాయి. దీనిని పుష్-పుల్ పద్ధతి అంటారు.

ఒకడు వదిలేసిన తరువాత రెండవవాడు ఆలస్యంగా అందుకుంటే రంపం కుదుపుతుంది. బయాస్ మరీ ఎక్కువ ఋణంగా ఉంటే వాల్వులలోనూ ఇదే జరుగుతుంది. ఒకటి ఆగిపోయి రెండవది మొదలయ్యే చోట తరంగంలో మెలిక పడుతుంది. చిన్న శబ్దాలు గరగరలాడతాయి. బయాస్ మరీ తక్కువ ఋణంగా ఉంటే ఇంకొక చిక్కు. పాట లేనప్పుడు కూడా ఇద్దరూ బలంగా లాగుతూనే ఉంటారు. ఆ శక్తి ఏమవుతుంది? వేగంగా వచ్చి ప్లేటును ఢీకొన్న ఎలక్ట్రాన్ల శక్తి వేడిగా మారుతుంది. హద్దు దాటితే బూడిద రంగు ప్లేటు చెర్రీపండులా ఎర్రబడుతుంది. 'నా చేత మోయలేని బరువు మోయిస్తున్నారు' అని వాల్వు మొరపెట్టుకోవడం అది. ఆ క్షణంలోనే స్విచ్చి ఆపివేయాలి.

జంటలోని రెండు వాల్వులూ సమానమైన ప్రవాహం తీసుకోవడం కూడా ముఖ్యం. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో వాటి ప్రవాహాలు ఎదురెదురు దిశలలో సాగుతాయి. సమానంగా ఉంటే ఇనుప కోరులో ఒకదాని అయస్కాంతత్వాన్ని రెండవది రద్దు చేస్తుంది. అందుకే దుకాణాలలో కొలిచి జతపరచిన వాల్వులను అమ్ముతారు.

ముందు ప్రాణం, తరువాత పాట

ఈ పనిని మీరు చేయవద్దు. పరికరాలు, అనుభవం ఉన్న పెద్దలు చేయగా దూరంగా నిలబడి చూడండి. ప్లేటు దగ్గర 400 వోల్టులకు పైగా డి.సి. ఉంటుంది. అది ప్రాణాంతకం. ప్లగ్గు పీకేసినా ప్రమాదం పోదు. లోపలి పెద్ద కండెన్సర్లు విద్యుత్తును దాచిపెట్టుకొని ఉంటాయి. తెలిసినవారు మొదట వాటిలోని విద్యుత్తును తగిన నిరోధం ద్వారా నెమ్మదిగా ఖాళీ చేసి, మీటరుతో కొలిచి, ఖాళీ అయిందని తేల్చుకున్నాకే చేయి పెడతారు. కొలిచేటప్పుడు ఒక చేతిని వెనక్కి పెట్టుకుంటారు. రెండు చేతులూ తగిలితే విద్యుత్తు గుండె మీదుగా పోయే ప్రమాదం ఉంది కాబట్టి.

మీ ఇంటి అటక మీద పాత వాల్వు రేడియో ఉందా? ప్లగ్గులో పెట్టి చూడాలన్న సరదా మాత్రం వద్దు. దానికీ ఈ హెచ్చరికే వర్తిస్తుంది.

మార్చే క్రమం

అమెరికాలో, ఇంగ్లండులో సర్క్యూటు చదవగలిగిన ఔత్సాహికులు ఇంట్లోనే ఈ పని చేసుకుంటారు. వారు పాటించే క్రమం ఇది.

మొదట సర్క్యూటు పటం చూసి ఏ రకం వాల్వు కావాలో తెలుసుకుంటారు. 6ఎల్6 స్థానంలో ఇఎల్34 సాకెట్టులో దూరుతుంది. కాని దూరినంత మాత్రాన సరిపోయినట్లు కాదు. 6ఎల్6 ఫిలమెంటుకు 0.9 ఆంపియరు చాలు. ఇఎల్34కు 1.5 ఆంపియర్లు కావాలి. ట్రాన్స్‌ఫార్మరు ఆ భారం మోయగలదో లేదో చూడాలి. ఒకటవ కాలు అమరిక కూడా వేరు.

తరువాత ప్లగ్గు తీసి, వాల్వులు చల్లారనిస్తారు. గాజును పట్టి లాగకుండా అడుగు దిమ్మను పట్టుకొని నెమ్మదిగా అటూ ఇటూ కదుపుతూ పైకి తీస్తారు. దిమ్మ నడుమ ఉండే గట్టు కొత్త వాల్వు తప్పుగా కూర్చోకుండా కాపాడుతుంది.

కొత్తవి పెట్టకముందే సాకెట్టులో 5వ కాలు దగ్గర, అంటే గ్రిడ్డు దగ్గర, ఋణ వోల్టేజి వస్తున్నదా అని కొలుస్తారు. బయాస్ మరను అత్యధిక ఋణం వైపు తిప్పి ఉంచుతారు. తూము తలుపును దించి పెట్టడమన్నమాట. అప్పుడు కొత్తవి పెట్టి, లౌడ్‌స్పీకరు తగిలించి, వాల్యూము సున్నాలో ఉంచి స్విచ్చి వేస్తారు. లౌడ్‌స్పీకరు లేకుండా వాల్వు ఆంప్లిఫయరును నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు దెబ్బతినవచ్చు.

ఇక ప్రవాహాన్ని కొలవాలి. దీనికి ఒక చక్కని ఉపాయం ఉంది. కాథోడుకూ చాసిస్‌కూ మధ్య 1 ఓము నిరోధం పెడతారు. ఓమ్ నియమం మీకు తెలుసు. 1 ఓము మీద 1 మిల్లీవోల్టు ఉంటే ప్రవాహం 1 మిల్లీ ఆంపియరు. మీటరులో కనిపించే మిల్లీవోల్టులే మిల్లీ ఆంపియర్లు! ఇందులో వాల్వులోని స్క్రీను గ్రిడ్డు ప్రవాహం కూడా కొద్దిగా కలిసి ఉంటుంది. కాబట్టి నిజమైన ప్లేటు ప్రవాహం ఇంకొంచెం తక్కువే. ఆ తేడా క్షేమం వైపే ఉంటుంది.

లెక్క చేద్దాం

ప్లేటు తట్టుకోగల వేడికి తయారీదారులు ఒక హద్దు చెబుతారు. 6వి6కు 14 వాట్లు, ఇఎల్34కు 25 వాట్లు, 6ఎల్6జిసి రకానికి 30 వాట్లు. జంటగా పనిచేసే స్థిర బయాస్ ఆంప్లిఫయరులో పాట లేనప్పుడు ఇందులో 70 శాతానికి మించకూడదని వాడుకలో ఉన్న నియమం.

6ఎల్6జిసి వాల్వు ప్లేటు మీద 450 వోల్టులు ఉన్నాయనుకోండి. 30లో 70 శాతం 21 వాట్లు. 21ని 450తో భాగిస్తే 0.0467 ఆంపియరు, అంటే సుమారు 46.7 మిల్లీ ఆంపియర్లు. ఇది పై హద్దు మాత్రమే. 35, 40 మిల్లీ ఆంపియర్ల దగ్గర పాట బాగుంటే అక్కడే ఆపవచ్చు. వాల్వు ఎక్కువ కాలం ఉంటుంది.

మర తిప్పి ప్రవాహం పెంచితే ప్లేటు వోల్టేజి కొంత పడిపోతుంది. కనుక రెండింటినీ మళ్ళీ కొలిచి మళ్ళీ లెక్క వేయాలి. పదిహేను నిమిషాలు వేడెక్కిన తరువాత ఇంకొకసారి కొలవాలి.

కొన్ని ఆంప్లిఫయర్లలో ఈ మర ఉండదు. వాటిలో కాథోడుకు పెద్ద నిరోధం ఉంటుంది. ప్రవాహం పెరిగితే ఆ నిరోధం మీద వోల్టేజి పెరుగుతుంది. అప్పుడు కాథోడుతో పోలిస్తే గ్రిడ్డు మరింత ఋణంగా మారి ప్రవాహాన్ని తగ్గిస్తుంది. తప్పును తానే దిద్దుకునే ఈ ఏర్పాటును స్వయం బయాస్ అంటారు. నాలుగు ఇఎల్84 వాల్వులు గల ఇంగ్లండు ఆంప్లిఫయరు వాక్స్ ఏసి30 ఈ పద్ధతిదే.

మీరు చేయగలిగిన పరిశీలన

పనికిరాని పాత వాల్వు ఎక్కడైనా దొరికితే గాజు లోపలి వైపు చూడండి. వెండిలా మెరిసే మచ్చ ఒకటి ఉంటుంది. అది బేరియం పూత. లోపల మిగిలిన వాయువులను అది పట్టుకొంటుంది. గాజుకు పగులు వచ్చి గాలి చొరబడితే ఆ మచ్చ తెల్లబడుతుంది. తెల్ల మచ్చ ఉన్న వాల్వు ఇక పనికిరాదు.

ఇప్పుడు మీకొక లెక్క. ఒక ఆంప్లిఫయరులో 6వి6 జంట ఉంది. ప్లేటు వోల్టేజి 410. ఒక వాల్వు తాలూకు 1 ఓము నిరోధం మీద 31 మిల్లీవోల్టులు కనిపించాయి. ఇది క్షేమమేనా? కాకపోతే బయాస్‌ను ఎటు తిప్పాలి? ముందు మీరే కాగితం మీద చేసి, తరువాత కింది వాక్యాలు చదవండి.

410ని 0.031తో గుణిస్తే 12.7 వాట్లు. 14లో 70 శాతం 9.8 వాట్లే. కాబట్టి క్షేమం కాదు. బయాస్‌ను మరింత ఋణంగా చేసి, ప్రవాహాన్ని 24 మిల్లీ ఆంపియర్లకు దించాలి. మీ జవాబు కూడా ఇదే అయితే, ప్లేటు ఎర్రబడక ముందే వాల్వు మొర మీకు వినిపించినట్లే.