ముందు భోజనం, తర్వాత రాకెట్

ఆదివారం నాంపల్లి మెట్రో స్టేషన్‌లో దిగి అబిడ్స్ వైపు నడిస్తే, మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలే. గేట్ మెటీరియల్, ఆప్టిట్యూడ్ గైడ్లు, ఇంటర్వ్యూ ప్రశ్నలు... ప్లేస్‌మెంట్ల సీజన్‌లో నేనూ అక్కడ బేరమాడినవాణ్నే. ఆ గైడ్లలో తరచూ కనిపించే ప్రశ్న ఒకటుంది: మీ టీమ్ ఫెయిలైన సందర్భం చెప్పండి. మనలో చాలామంది జవాబు ఒకటే. మిగతావాళ్లు పనిచేయలేదు, నేనే రాత్రంతా కూర్చుని పూర్తి చేశాను! మొదటి ఇంటర్వ్యూలో నేనూ అదే చెప్పా. ఉద్యోగం రాలేదు.

అక్కడే అబ్దుల్ కలాం ‘ఒక విజేత ఆత్మకథ’ దొరికితే మాత్రం వదలొద్దు. అందులో ఎస్‌ఎల్‌వీ-3 గురించిన భాగం చదవండి.

1979 ఆగస్టు 10, శ్రీహరికోట. 23 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువున్న రాకెట్. మొదటి దశ బాగానే పనిచేసింది. రెండో దశ అదుపు తప్పింది. 317 సెకన్లకే అంతా అయిపోయింది, రాకెట్ సముద్రంలో పడింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ కలాం అలసిపోయి గదికెళ్లి పడుకున్నారు. సాయంత్రం కావస్తుండగా భుజం తట్టి లేపింది ఆయన పైఅధికారి, విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం డైరెక్టర్ బ్రహ్మప్రకాశ్. భోజనానికి రమ్మన్నారు. ఆయనా అప్పటిదాకా తినలేదని కలాంకి తర్వాతే తెలిసింది. తింటున్నంతసేపూ రాకెట్ ఊసే ఎత్తలేదట.

మర్నాడు సమీక్షకు 70 మందికిపైగా శాస్త్రవేత్తలొచ్చారు. కలాం లేచి బాధ్యత తనదేనన్నారు. ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ ఆయన్ని వెనకేసుకొచ్చారు. అలాగని తప్పును వదిలేశారా? లేదు. వాల్వు లోపంతో నైట్రిక్ ఆమ్లం లీకవడం వల్లే రెండో దశకు నియంత్రణ పోయిందని తవ్వి తీశారు. 1980 జులై 18న కలాం నాయకత్వంలోనే రోహిణి కక్ష్యలోకి చేరింది.

సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి సమీక్షను ‘బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్’ అంటారు. సర్వర్ పడిపోతే ఎవరు పడగొట్టారని కాదు, ఎలా పడిందని అడుగుతారు. తిడతారన్న భయముంటే తప్పు కమాండ్ కొట్టినవాడు నోరు విప్పడు. వాడు చెప్పకపోతే అసలు కారణం దొరకదు.

తర్వాతి ఇంటర్వ్యూలో నిజమే చెప్పా. డెమో రోజు మా మినీ ప్రాజెక్ట్ ఆగిపోయింది, డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చి టీమ్‌కి చెప్పనిది నేనే అని. ఆ రోజు నుంచి ఏ మార్పు చేసినా గ్రూపులో రాయడం మొదలుపెట్టామనీ చెప్పా.

“మరి మీవాళ్లు ఏమన్నారు?” అని అడిగారు ప్యానెల్‌లో ఒకాయన.

“చాయ్ తాగించారు సార్” అన్నా.