అంతర్జాల మారుబేరమున వెల పెరుగు విధము

సెల్‌ఫోనులో చీరల బొమ్మలు పంపి ఇరుగుపొరుగువారికి అమ్మెడు మారుబేరము మన పల్లెలకును వచ్చినది. 2015లో బెంగుళూరున వెలసిన మీషో దీనిని దేశమంతట వ్యాపింపజేసినది. ఇందు వెల పొరలుపొరలుగా పెరుగును.

లెక్కకొఱకు, వర్తకుడు చీరకు 300 రూపాయలు కోరెననుకొందము. రవాణా 70 చేరగా 370 అగును. అమ్మునామె తన లాభము 80 కలిపి 450 అని చెప్పును. సరకు ముట్టి, సొమ్ము చెల్లిన పిమ్మటనే ఆ 80 ఆమె బ్యాంకు ఖాతాలో పడును. చీర తిరిగివచ్చినచో లాభము లేదు. 10 చీరలలో 3 తిరిగివచ్చినచో ఆమెకు దక్కునది 560 మాత్రమే. మీషో 2021లో వర్తకులయొద్ద కమీషను రద్దుచేసినది. అయినను ప్రకటనల ఖర్చును, తిరుగు రవాణా భారమును వర్తకుడు తన 300లోనే ఇముడ్చుకొనవలసియుండును.

శ్రమకు ప్రతిఫలము న్యాయమే. కాని ఏ పొర యెవరిదో యెరుగక చెల్లించుట నష్టము. కొనువారు అదే సరకు వెలను స్వయముగా విచారింపవలెను. అమ్మువారు తిరుగు సరకును లెక్కించియే లాభము నిర్ణయింపవలెను. సంఘమున ఎరువు బస్తాపై ప్రతి ఖర్చును అడుగు మనము ఇచ్చటను అడుగవలదా?