రమ్ము పరీక్ష: ముక్కు సాక్ష్యం, గాజుగొట్టం తీర్పు

వెస్టిండీస్ ద్వీపాలలో పుట్టి ప్రపంచమంతటా వ్యాపించిన ఒక మద్యం పేరు మన తెలుగు నోట పడేసరికి "రమ్ము" అయినది. పిలుపో, పదార్థమో తెలియని ఈ పేరు చూసి పాఠకులు కనుబొమలు ముడుచుకోవలసిన పని లేదు. ఈ వ్యాసం ఎవరినీ రమ్మనడానికి వ్రాసినది కాదు. పది పన్నెండేళ్లు పీపాలో నిలవ ఉంచిన రమ్ము మంచిదో కాదో నిర్ణయించడమే వృత్తిగా గలవారు లోకంలో ఉన్నారు. నమూనాలు ఎన్ని పరీక్షించినా వారు మింగరు. నాలుకమీద త్రిప్పి ఉమ్మివేస్తారు. వారి పనిలో పెద్ద భాగం ముక్కుతోనే ముగుస్తుంది. కొంత నాలుక చేస్తుంది. తక్కినది మన హైస్కూలు ప్రయోగశాల బీరువాలో దుమ్ముపట్టి ఉండే ఒక గాజుగొట్టం చేయగలదు. ఆ గొట్టం సంగతి చెప్పడానికే ఈ ఉపోద్ఘాతమంతా.

బెల్లంతో మద్యం చేయడం మన దేశానికి క్రొత్త కాదు. మనుస్మృతి నిషేధించిన మూడు విధాల సురలలో ఒకటైన "గౌడి" బెల్లంతో చేసినదే. రమ్ముకు కూడా చెరకే తల్లి. రసం కాచి చక్కెర తీయగా మిగిలిన నల్లని చిక్కని మడ్డికి మొలాసిస్ అని పేరు. దానిని నీటితో కలిపి పులియబెట్టి, బట్టీలో కాచి, ఆవిరిని చల్లార్చి పట్టినదే రమ్ము. 17వ శతాబ్ది నడుమ బార్బడోస్ ద్వీపంలో దీనిని "దయ్యాన్ని చంపేది" అనే అర్థంగల పేరుతో పిలిచేవారు. అప్పటి సరుకు ఎంత ఘాటైనదో ఆ పేరే చెబుతున్నది. ఆ చెరకు నరికినవారు, ఆ మడ్డి మోసినవారు ఆఫ్రికానుండి పట్టి తెచ్చిన బానిసలు అన్న సంగతి మాత్రం పేరులో లేదు.

ఇంత ఘాటు సారా కొద్దికొద్దిగా చప్పరించి గుణదోషాలు ఎంచదగిన పానీయం కావడానికి కారణాలు రెండు: పులియబెట్టే తీరు ఒకటి, పీపా మరొకటి.

మొదటిదానికి జమైకాను మించిన ఉదాహరణ లేదు. అక్కడ ట్రెలానీ అనే ప్రాంతంలో హ్యాంప్డెన్ అనే 18వ శతాబ్దినాటి చెరకుతోట ఉన్నది. ఇతరచోట్ల మడ్డిని ఒకటి రెండు రోజులు పులియనిస్తే ఇక్కడ వారాల తరబడి పులియనిస్తారు. ఈస్టును కొని తెచ్చి వేయరు. గాలిలో, పాత కొయ్యతొట్ల పగుళ్లలో కాపురమున్న సూక్ష్మజీవులే ఆ పని చేస్తవి. బట్టీలో క్రిందటిసారి మిగిలిన పులుసునీటిని పారబోయక మరల కలుపుతారు. గోతిలో ఊరవేసిన ఒక మురుగు పదార్థాన్ని సైతం చేర్చుతారు. ఆ కొట్టులో అడుగుపెట్టినవారికి ముక్కిన వెన్న వాసన తగులుతుంది. ఆ దుర్గంధానికి కారణం బ్యూటిరిక్ ఆమ్లం. వింత యేమిటంటే, ఆ ఆమ్లమే ఆల్కహాలుతో సంయోగం చెందితే పండిన అనాసపండు పరిమళం పుడుతుంది! రసాయనశాస్త్ర ఉపాధ్యాయులకు ఇది తెలిసిన కథే. ఆమ్లమూ ఆల్కహాలూ కలిస్తే ఎస్టరు అని నల్లబల్లమీద వ్రాసి, పరీక్షనాళికలో అరటిపండు వాసన పుట్టించి పిల్లలను మురిపించినవారు వారిలో ఎందరో ఉంటారు. జమైకాలో ఆ పాఠాన్ని రెండు మూడు వందల ఏళ్లుగా గంధకికామ్లం లేకుండానే చేసి చూపుతున్నారు.

నూరు లీటర్ల శుద్ధమైన ఆల్కహాలుకు ఎన్ని గ్రాముల ఎస్టర్లు ఉన్నవో లెక్కకట్టి అక్కడి రమ్ములకు తరగతులు ఏర్పరచారు. అత్యున్నతమైన తరగతిలో ఈ సంఖ్య 1600 వరకు పోతుంది. అయితే మార్కులు ఎక్కువ వచ్చినంతమాత్రాన ఫస్టుక్లాసు కాదు. ఆ చివరి తరగతి రమ్ము వట్టిగా చప్పరించడానికి పనికిరానంత ఉగ్రంగా ఉంటుంది. చప్పని సారాకు వాసన అంటించడానికి, మిఠాయిలలో చుక్కలుగా వేయడానికి దానిని కొంటారు. ఇంగువ పరిమళమే గదా అని ఎవరూ పిడికెడు పట్టి తినరు.

ఇక పీపా. అమెరికాలో బర్బన్ అనే విస్కీని లోపల మంటతో కాల్చిన క్రొత్త ఓక్ పాత్రలలోనే నిలవచేయాలని చట్టం. ఒకసారి వాడినవి వారికి మరల పనికిరావు. కనుక ఆ పీపాలు కరీబియన్ దీవులకు చేరుతవి. తెల్లగా నీటివలె ఉన్న రమ్మును వాటిలో పోసి మూసిపెడతారు. ఓక్ కర్రనుండి వెనిల్లా వాసనగల వెనిల్లిన్, కొబ్బరిని తలపించే లాక్టోనులు, వగరునిచ్చే టానిన్లు దానిలోకి దిగుతవి. కర్ర రంధ్రాలగుండా గాలి చొరబడి ఘాటును మెత్తబరుస్తుంది. అదే దారిన రమ్ము ఆవిరై బయటికి పోతుంది కూడా. ఆవిరైన భాగాన్ని దొరలు "దేవదూతల వాటా" అన్నారు. స్కాట్లండు చలిలో ఈ వాటా ఏటా నూటికి 2 పాళ్లయితే, జమైకా ఎండలలో సుమారు 6 పాళ్లు. విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును: ఏటా 6 చొప్పున పోతే 12 ఏళ్లకు సగానికి తక్కువ మిగులుతుంది, 21 ఏళ్లకు నాలుగోవంతుకన్న కొంచెమే ఎక్కువ. వృద్ధ రమ్ము ఖరీదుకు కారణం ఈ చక్రవడ్డీయే.

అలాగని వయస్సే గుణం కాదు. మరీ ఎక్కువకాలం పీపాలో ఉన్నది పొయ్యిమీద మరచిపోయిన కాఫీ డికాక్షనువలె చేదెక్కుతుంది. పైగా సీసామీది సంఖ్యకు అర్థం అన్ని దేశాలలో ఒకటి కాదు. జమైకాలో 12 అని వ్రాస్తే ఆ మిశ్రమంలో అతి పిన్నదానికి 12 ఏళ్లు నిండి ఉండాలి. మరికొన్ని దేశాలనుండి వచ్చే సీసాలమీద కనిపించే పెద్ద సంఖ్య, మిశ్రమంలో చుక్కంత ఉన్న అతి పాతదాని వయస్సు మాత్రమే. తాతగారి వయస్సు చెప్పి మనుమడిని పెద్దమనిషిగా నిలబెట్టడమన్న మాట! రంగునూ నమ్మరాదు. మాడ్చిన చక్కెర రంగు కలిపితే పసివాడు సైతం ముసలివానివలె కనబడతాడు. బొగ్గుతో వడకట్టితే ముసలివాడు తెల్లబడతాడు.

కనుకనే పరీక్షకులు కంటిని నమ్మరు. రంగు తెలియని నల్లని గ్లాసులు వాడేవారు కూడా ఉన్నారు. పొట్ట వెడల్పుగా, మూతి ఇరుకుగా ఉన్న చిన్న గ్లాసులో రెండు చెంచాలంత పోసి, కొన్ని నిమిషాలు కదలక ఉంచుతారు. తొందరపడి ముక్కు లోపల పెట్టినవానికి ఆల్కహాలు మంట తప్ప మరేమీ తెలియదు. నోరు కొంచెం తెరచి, గ్లాసును గడ్డం దగ్గరనుండి మెల్లగా పైకి తేవాలి. మొదట పండ్ల వాసన, తరువాత కర్ర, వెనిల్లా, మసాలా దినుసులు అంచెలంచెలుగా విడివడుతవి. తరువాత కొన్ని చుక్కల నీళ్లు కలిపి మరల చూస్తారు. పలచబడినప్పుడు దాగిన దోషం బయటపడుతుంది. ఆ పిమ్మటనే నాలుక వంతు. చిన్న గుక్క నోటిలో త్రిప్పి, ఉమ్మి, ఇక లెక్కపెడతారు: రుచి ఎంతసేపు నిలిచింది? నిలిచి యేమైనది? మంచి రమ్ము నోటిలో ఉన్నప్పుడు ఒక మాట, పోయిన తరువాత మరొక మాట చెబుతుంది. చవకది ఒకే మాట గట్టిగా చెప్పి ఊరకుంటుంది.

ఇదంతా ఊహ కాదనడానికి రుజువేమిటి? మూడు గ్లాసుల పరీక్ష ఉన్నది. రెండింటిలో ఒకే రమ్ము, మూడవదానిలో వేరొకటి పోసి, వేరుగా ఉన్నది ఏదో చెప్పమంటారు. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి ఒప్పు అవుతుంది. వరుసగా ఐదుసార్లు అదృష్టంతో నెగ్గడం 243లో ఒకటి. అక్కడ నిలిచిన ముక్కును నమ్మవచ్చును. ఇది పుట్టుకతో వచ్చే వరం అనుకోవడం పొరపాటు. జమైకాలో అప్పుల్టన్ రమ్ముల మిశ్రమాలను తీర్చిదిద్దే జాయ్ స్పెన్స్ రసాయనశాస్త్రం చదివి, కొంతకాలం ఆ శాస్త్రమే బోధించి, 1981లో ఆ సంస్థలో చేరారు. 1997లో ప్రధాన మిశ్రమకర్త పదవి పొందారు; మద్యపరిశ్రమలో ఆ పదవి చేపట్టిన మొదటి స్త్రీ ఆమేనని ప్రసిద్ధి. పదహారేళ్లు ముక్కును చదివించిన తరువాత దొరికిన పట్టమది.

ఆరితేరిన ముక్కు బట్టీని కూడా పసిగడుతుంది. దక్షిణ అమెరికాలోని గయానాలో, డెమెరారా నది ఒడ్డున ఉన్న డైమండ్ అనేచోట గ్రీన్‌హార్ట్ అనే గట్టి కొయ్యతో చేసిన పాతకాలపు జంట బట్టీ ఒకటి నేటికీ పనిచేస్తున్నది. లోకమంతా రాగి బట్టీలు వాడుతుంటే కొయ్య బట్టీ! దానిలోనుండి వచ్చిన రమ్ముకు సోపు వాసనతో కూడిన ఒక బరువైన పరిమళం ఉంటుంది. ఒకసారి ఎరిగినవారు మరువరు. దాని మొదటి ఊరు బెర్బీస్ ప్రాంతంలోని పోర్ట్ మోరాంట్ చెరకుతోట. బానిసత్వం రద్దయిన తరువాత 1838నుండి ఇలాంటి తోటలకు కూలి ఒప్పందాలపై మన దేశస్థులను ఓడలలో చేర్చారు. అత్యధికులు కలకత్తా రేవునుండి వెళ్లారు. కొద్దిమంది మద్రాసు రేవునుండి. ఆ కొద్దిమందిలో తమిళులతోపాటు తెలుగువారు కూడా ఉన్నారు. 1958 డిసెంబరు 31న కలకత్తాలో మొదలైన టెస్టులో మన బౌలర్లను చీల్చి 256 పరుగులకు చేరిన రోహన్ కన్హాయ్ ఈ పోర్ట్ మోరాంట్ బిడ్డడే. అదే ఇన్నింగ్సులో శతకం చేసిన బుచర్ కూడా ఆ ఊరివాడే. సీసామీద ఆ తోట పేరు బంగారు అక్షరాలతో అచ్చవుతున్నది. చెరకు నరికినవారి పేర్లు మాత్రం ఓడల జాబితాలలోనే ఉండిపోయినవి.

ఇప్పుడు గాజుగొట్టం దగ్గరకు వద్దాం. ముక్కుకు అందని మోసం ఒకటున్నది: చక్కెర. పీపాలో నాలుగేళ్లున్న రమ్ములో కొంత చక్కెర కలిపితే ఘాటు అణగి, నోరు నిండినట్లయి, పదిహేనేళ్లదన్న భ్రమ కలుగుతుంది. చక్కెరకు వాసన లేదు కనుక ముక్కు సాక్ష్యం చెప్పలేదు. నాలుకా, మొదటినుంచీ తీపికి అమ్ముడుపోయిన సాక్షి! ఇక్కడనే హైడ్రోమీటరు కావలసివస్తుంది. 1816లో బ్రిటిష్ ప్రభుత్వం సారాపై సుంకం లెక్కకట్టడానికి సైక్స్ అనే ఆయన రూపొందించిన హైడ్రోమీటరును చట్టబద్ధం చేసింది. సూత్రం మన పిల్లలకు తెలిసినదే. ఆల్కహాలు నీటికంటే తేలిక. అది ఎక్కువగా ఉన్న ద్రవంలో గొట్టం లోతుగా మునుగుతుంది. నూటికి 40 పాళ్లు ఆల్కహాలు ఉన్న శుద్ధమైన రమ్ములో, 20 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద, గొట్టం 40 గీటు చూపుతుంది. లీటరుకు 20 గ్రాముల చక్కెర కలిపితే ద్రవం బరువెక్కుతుంది, గొట్టం పైకి లేస్తుంది, గీటు సుమారు 35 దగ్గర నిలుస్తుంది. సీసామీద 40, గొట్టంమీద 35: మాయమైన ఆ ఐదు పాళ్లే చక్కెర జాడ. 750 మిల్లీలీటర్ల సీసాకు అది 15 గ్రాములు, అనగా మూడు నాలుగు చెంచాలు.

ఇది కల్పించిన లెక్క కాదు. స్వీడన్, ఫిన్లండు దేశాలలో ప్రభుత్వ ఆధీనంలో ఉన్న మద్యవిక్రయ సంస్థలు తాము అమ్మే రమ్ములలో చక్కెర ఎంత ఉన్నదో ప్రకటిస్తున్నవి. ఆ అంకెలు చూచి, కొందరు ఔత్సాహికులు ఇళ్లలోనే హైడ్రోమీటర్లు పెట్టి కొలిచినారు. చాలాకాలంగా బహుమతులు పొందుతూ వస్తున్న కొన్ని వృద్ధ రమ్ములలో లీటరుకు 20, 30 గ్రాములకు పైగా తేలినది. జమైకాలో, ద్వీపం పేరు పెట్టుకోదలచిన రమ్ములో చక్కెర కలపరాదు. ఐరోపా సమాఖ్య 2019లో చేసిన చట్టం 2021 మే నుండి అమలై, రమ్ములో చక్కెరకు లీటరుకు 20 గ్రాముల హద్దు పెట్టినది. నా మట్టుకు ఆ హద్దు చాల ఉదారంగా తోస్తున్నది. చక్కెర కలపడం తప్పని నేననను. మిఠాయిలో వేసి మిఠాయి అని అమ్మితే ఎవరికి అభ్యంతరం? చక్కెరను వయస్సు అని అమ్మడంలోనే ఉన్నది చిక్కు.

హైడ్రోమీటరు లేనివారికి ఒక నాటు పద్ధతి ఉన్నది. రెండు చుక్కలు అరచేతుల మధ్య రుద్ది ఆరనిస్తే ఆల్కహాలు ఎగిరిపోతుంది. చేతులు జిగురుగా అతుక్కుంటే సంగతి తెలిసినట్లే.

ఆరితేరినవారు ఇంకొక పని చేస్తారు. పరీక్ష ముగిసిన గ్లాసును కడగకుండా రాత్రంతా బల్లమీద వదలిపెడతారు. తెల్లవారేసరికి ఘాటంతా పోయి ఉంటుంది. నిజంగా పీపాలో ఏళ్లు గడిపినదైతే ఖాళీ గ్లాసులో ఇంకా ఎండుద్రాక్ష, పాతపెట్టె కర్ర, అడుగున కొంచెం పొగ వాసన నిలిచి ఉంటవి. చక్కెరతో వయస్సు తెచ్చుకున్నదైతే వాసన పలచబడి, గ్లాసు అడుగున జిగురు వలయం ఒకటి కనబడుతుంది. అప్పటికే చీమలు వచ్చి ఉంటవి.