పెరటి కోడికి పట్టే పీడలు – పేలు, నల్లులు, కాలి జబ్బులు

కోడికూతతో తెల్లవారే పల్లెల నుండి వచ్చి, షిఫ్టు సైరనుతో తెల్లవారే ఊరిలో స్థిరపడినవారం మనం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి భిలాయి ఉక్కు కర్మాగారపు పనులకు తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తమ వెంట తెచ్చుకున్న అలవాట్లలో పెరటి కోళ్ళ పెంపకం ఒకటి. నందినిలో క్వార్టరు వెనుక కాస్త ఖాళీస్థలం, నాలుగు పాత చెక్కలతో ఒక గూడు, అందులో అయిదారు పెట్టలు, ఒక పుంజు – ఇది మనకు పరిచితమైన దృశ్యమే. ఇరుగుపొరుగు ఛత్తీస్‌గఢీ కుటుంబాలవారు ‘కుక్రీ’ అని పిలుచుకునే నాటుకోడి, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు, నల్లని మాంసం గల కడక్‌నాథ్ – ఏ జాతి అయినా సరే, కొన్ని పీడలు మాత్రం అన్నింటికీ సమానమే. పేలు, నల్లులు, కాలి జబ్బులు అట్టివి.

ఈ పీడలు కోడిని ఒక్కరోజులో చంపవు. గుడ్లు తగ్గుతాయి, తలపైని ఎర్రని తురాయి పాలిపోతుంది, కోడి ముడుచుకొని కూర్చుంటుంది. అప్పుడు ఇంటిలోనివారు చేతికి అందినదేదో తెచ్చి పోస్తారు. కొందరు కిరోసిన్, మరికొందరు కాలిన ఇంజను ఆయిలు, ఇంకొందరు కుక్క గోమార్లకు కొన్న మందు వాడుతారు. ఆ కోడి పెట్టిన గుడ్డే మరునాడు పిల్లవాని కంచంలోకి వస్తుందన్న సంగతి ఆ తొందరలో తోచదు. యంత్రం మొరాయించినపుడు లోపం ఎక్కడున్నదో తెలుసుకోకుండా నూనె పోయడం మన వృత్తిలో ఎవరూ హర్షించరు. కోడి విషయంలోనూ అదే పద్ధతి. శత్రువు గూటిలో ఉన్నదా, ఈకలలో ఉన్నదా, కాలిలో ఉన్నదా అని ముందుగా తేల్చుకొనవలెను. మందు ఆలోచన ఆ తరువాత.

గూటిలో దాగే శత్రువు

మా వరుసలోని ఒక ఇల్లాలు ఒకనాడు వచ్చి, “అన్నయ్యగారూ, పొదిగే పెట్టకు దిష్టి తగిలినట్లున్నది. పన్నెండు రోజులు చక్కగా కూర్చున్నది, ఇప్పుడు గుడ్లు వదిలి లేచిపోతున్నది” అని వాపోయింది. పగలు చూస్తే కోడి ఒంటిపై ఏమీ కనిపించలేదు. రాత్రి తొమ్మిది దాటిన తరువాత టార్చి వేసి చూస్తే, గంప అల్లికల సందులలో, గూటి చెక్కల అతుకులలో ఎర్రని చుక్కలు పాకుతున్నాయి. వేలితో రుద్దితే నెత్తుటి చార. దిష్టి కాదు, ఎర్రనల్లి.

డెర్మనిసస్ గాలినే అని శాస్త్రజ్ఞులు పిలిచే ఈ జీవి పగలంతా పగుళ్ళలో దాగి, రాత్రి వెలుపలికి వచ్చి నిద్రించే కోడి రక్తం త్రాగి మరల దాక్కుంటుంది. పగటిపూట కోడిని ఎంత పరిశీలించినా కనబడకపోవడానికి కారణమిదే. వేడిగా ఉన్న దినాలలో దాదాపు వారం రోజులలోనే గుడ్డు నుండి పెరిగిన నల్లిగా మారుతుంది. ఆహారం లేకున్నా నెలల తరబడి బ్రతుకగలదు. కనుక కోళ్ళను అమ్మివేసి, గూటిని కొన్నాళ్ళు ఖాళీగా ఉంచి, మరల కొత్త కోళ్ళను తెచ్చినంత మాత్రాన పీడ విరగడ కాదు. పొదిగే పెట్ట 21 రోజులు ఒకేచోట కూర్చుంటుంది కనుక దానికే ప్రమాదం ఎక్కువ. రక్తహీనతతో గుడ్లపైనే మరణించే పెట్టలు కూడా ఉంటాయి. ఇది మనుషులను సైతం కుట్టి దురద పుట్టిస్తుంది.

దీనికి చికిత్స కోడికి కాదు, గూటికి. కర్రలు, గంపలు, చెక్కలు ఊడదీసి, పాత గడ్డిని కాల్చివేసి, పగుళ్ళలో సలసల మరిగే నీరు పోసి, సబ్బునీటితో తోమి, ఎండలో పరచవలెను. 45 డిగ్రీలు దాటిన వేడికి ఈ నల్లి తాళలేదు. ఐరోపాలో కొన్నిచోట్ల ఖాళీ షెడ్లను ఆ స్థాయికి పైగా వేడిచేసి దీనిని నిర్మూలిస్తారు. మన వైశాఖపు ఎండలో పరచిన చెక్కకు ఆ వేడి ఉచితంగానే లభిస్తుంది. ఒక్కసారితో సరిపెట్టరాదు. వారానికొకసారి చొప్పున మూడు నాలుగు పర్యాయాలు చేస్తేనే కొత్తగా పుట్టిన తరం కూడా నశిస్తుంది.

తరువాత పగుళ్ళను మూసి సున్నం వేయవలెను. దశాబ్దాల తరబడి బ్లాస్ట్ ఫర్నేసులకు వెళ్ళిన నందిని సున్నపురాయి అక్కడ ఖనిజంలోని సిలికాను పట్టి స్లాగుగా వేరుచేసింది. ఆ జాతి రాయినే దాదాపు 900 డిగ్రీలలో కాల్చి, నీటితో చల్లార్చగా వచ్చిన సున్నం గూటి గోడల సందులను కప్పి నల్లికి నీడ లేకుండా చేస్తుంది. అయితే ఒక హెచ్చరిక. సున్నం పూర్తిగా ఆరిన తరువాతనే కోళ్ళను లోపలికి విడువవలెను. పొడి సున్నాన్ని నేలపై చల్లరాదు. అది తడి తగిలితే అరికాళ్ళను కాల్చుతుంది, కళ్ళకూ హాని చేస్తుంది.

ఈకలలో కాపురముండే శత్రువు

కోడిపేను కథ వేరు. అది పుట్టుట, పెరుగుట, గిట్టుట అంతా కోడి ఒంటిపైనే జరుగుతుంది. ఇది మనుషుల తలలోని పేనువలె రక్తం పీల్చడానికి పుట్టినది కాదు. చర్మపు పొట్టును, ఈకలను కొరికి తినే జాతి. పగటి వెలుగులో మలద్వారం చుట్టూ, రెక్కల క్రింద ఈకలను పాయలుగా విడదీస్తే గడ్డిరంగు పురుగులు పరుగులు తీస్తాయి. ఈకల మొదళ్ళలో ఈపి తెల్లని గుత్తులుగా అంటుకొని ఉంటుంది. కోడిపేలు మనుషులపై నిలువవు కనుక పిల్లల తలలకు ఎక్కుతాయేమోనని తల్లులు బెదరనవసరం లేదు.

ఒంటిపైనే రేయింబవళ్ళు ఉండే మరొక నల్లి జాతి కూడా ఉన్నది. అది చేరిన చోట మలద్వారం వద్ద ఈకలు మసి పూసినట్లు నల్లబడతాయి. పేలకైనా, ఈ నల్లికైనా చికిత్స కోడి ఒంటికే చేయవలెను. కోళ్ళకు అనుమతించిన పొడిమందును పశువైద్యుని సలహాపై ఈకల మొదళ్ళకు అందునట్లు చల్లి, 7 నుండి 10 రోజులలో మరల చల్లవలెను. మొదటి విడత ఈపిని చంపదు. అది పొదిగి పిల్ల పేలు వచ్చిన తరువాత, అవి గుడ్లు పెట్టకమునుపే రెండవ విడత పడవలెను. చాలామంది మొదటి విడతతో ఆపివేసి, మందు పనిచేయలేదని నిందిస్తారు.

కోడికి ప్రకృతి ఇచ్చిన వైద్యం మట్టిస్నానం. పొడిమట్టి, ఇసుక కలిపిన ఒక తొట్టిని వాన పడని చోట ఉంచితే అది పొర్లాడి తనను తాను శుభ్రపరచుకుంటుంది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ శాఖ శాస్త్రజ్ఞులు 2012లో ప్రకటించిన ప్రయోగాలలో, మట్టిస్నానపు తొట్టిలో గంధకపు పొడి కలిపినపుడు ఒంటిమీది నల్లులు, పేలు దాదాపు తుడిచిపెట్టుకొనిపోయాయి. కట్టెల బూడిద, పిడకల బూడిద కలుపుకొనవచ్చును. బొగ్గు బూడిదను మాత్రం దరిచేరనీయరాదు. దానిలో సీసం, ఆర్సెనిక్ వంటివి ఉంటాయి. కోడి దానిని ముక్కుతో పొడిచి మింగుతుంది.

కాళ్ళను పట్టే జబ్బులు

కాలి పొలుసులు లేచి, వాటి క్రింద సుద్దవంటి తెల్లని పొక్కులు కట్టి, కాళ్ళు లావుగా వికారంగా మారితే అది పొలుసుల క్రింద సొరంగాలు త్రవ్వే మరొక నల్లి పని. సున్నపురాయి దుమ్ము నిండిన మన నేలపై తిరిగే కోళ్ళకు అది దుమ్మేనని భ్రమపడే అవకాశమున్నది. కడిగి చూస్తే దుమ్ము పోతుంది, పొక్కు పోదు. గోరువెచ్చని సబ్బునీటిలో కాళ్ళను నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తోమి, తుడిచి, కొబ్బరినూనె గాని వాసెలిన్ గాని దట్టంగా పట్టించవలెను. గాలి ఆడక నల్లి చచ్చును. పొలుసులను బలవంతంగా పెరకరాదు. రెండు మూడు రోజులకొకసారి చేస్తూ కొన్ని వారాలు ఓపిక పట్టవలెను. పాడైన పొలుసులు రాలి కొత్తవి రావడానికి నెలలు పట్టును.

రెండవది అరికాలి గడ్డ. కోడి కుంటుతుంది. పాదం త్రిప్పి చూస్తే అరికాలి నడుమ నల్లని పొక్కు, చుట్టూ వేడి గల వాపు ఉంటాయి. ఇది పురుగు వలన వచ్చినది కాదు. చిన్న గాయం గుండా స్టెఫిలోకాకస్ వంటి సూక్ష్మజీవి ప్రవేశించి చీము పట్టించినది. క్వారీ నుండి వచ్చిన పదునైన రాతిముక్కలను పెరటిలో పరచిన చోట, స్లాగు పెళ్ళలు ఉన్న చోట, ఎత్తైన గోడ నుండి బరువైన కోడి దూకే చోట ఇది ఎక్కువ. వనరాజా వంటి బరువైన జాతులను పెంచేవారు మరింత జాగ్రత్త వహించవలెను. లేతదశలో గోరువెచ్చని నీటిలో ఎప్సం లవణం వేసి పాదం నానబెట్టి, పొవిడోన్ అయోడిన్ పూసి, శుభ్రమైన గుడ్డతో కట్టు కట్టవచ్చును. గడ్డ ముదిరితే బ్లేడుతో కోసే సాహసం చేయరాదు. అది పశువైద్యుని పని. దుర్గ్ సమీపాన అంజోరాలో పశువైద్య కళాశాలే ఉన్నది. కట్టు కట్టేవారు చేతులకు తొడుగులు వేసుకొనవలెను, ఆ సూక్ష్మజీవి మనకూ సోకగలదు.

నివారణ దీనికంటె సులభం. కూర్చునే కర్ర రెండంగుళాల వెడల్పుతో, అంచులు గుండ్రంగా చెక్కి, నేలకు ఒకటిన్నర అడుగు ఎత్తుకు మించకుండా ఉండవలెను. నేలపై పొడి వరి ఊక పరచి, తడిసినపుడల్లా మార్చవలెను. వరి పండే ఈ ప్రాంతంలో ఊకకు కొదువ లేదు.

ఇంటికి తేరానివి

2017లో నెదర్లాండ్స్, బెల్జియం దేశాలలో కోళ్ళ షెడ్లలోని ఎర్రనల్లిని నిర్మూలించే పేరుతో ఫిప్రోనిల్ అనే కీటకనాశిని వాడినట్లు బయటపడినది. ఆహారానికై పెంచే జంతువులపై అక్కడ దానిని వాడరాదు. గుడ్లలో దాని అవశేషాలు కనబడటంతో లక్షలాది గుడ్లను దుకాణాల నుండి వెనుకకు రప్పించి ధ్వంసం చేశారు. ఆ ఫిప్రోనిలే మన దేశంలో కుక్కల గోమార్లకు వాడే పలు మందులలో ఉన్నది. ప్రయోగశాలలు, తనిఖీ అధికారులు ఉన్న దేశాలలో అది బయటపడినది. మన పెరటి గుడ్డును పరీక్షించేవారు ఎవరు? ఆ బాధ్యత ఇంటివారిదే. కిరోసిన్ కోడి చర్మాన్ని పొక్కిస్తుంది. కాలిన ఇంజను ఆయిలులో లోహాలు, హానికర పదార్థాలు ఉంటాయి. ఇవి షాపు ఫ్లోరులోనే ఉండవలెను. ఏ మందు వాడినా ఎన్ని రోజుల గుడ్లు తినరాదో వైద్యుని అడిగి తెలుసుకొని, అన్ని రోజులూ ఆగవలెను.

కర్మాగారంలో ప్రతి యంత్రానికీ నిర్ణీత తనిఖీ పట్టిక ఉన్నట్లే గూటికీ ఒకటి పెట్టుకొనవచ్చును. వారానికొక రాత్రి టార్చితో కర్రల అడుగుభాగం చూడవలెను. పక్షానికొకసారి పగటివేళ ఈకలు విడదీసి చూడవలెను. నెలకొకసారి ప్రతి కోడి పాదం త్రిప్పి చూడవలెను. సంతలో కొన్న కొత్త కోడిని మూడు వారాలు విడిగా ఉంచవలెను. గూటిపై పిచ్చుకలు, పావురాలు గూళ్ళు కట్టకుండా చూడవలెను, నల్లిని మోసుకొచ్చేవాటిలో అవీ ఉన్నాయి. టార్చి పట్టుకునే పని పిల్లలకు అప్పగించండి. వారి కళ్ళు మన కళ్ళకంటె చురుకైనవి, పైగా తాము తినే గుడ్డు ఎటువంటి గూటి నుండి వస్తున్నదో వారికీ తెలుస్తుంది.