పారసీకము – ఈరాను

ఈరాను దేశమునకుఁ బూర్వనామము పారసీకమనియు, 1935వ సంవత్సరమున నాపేరు మార్పఁబడెననియుఁ బలువురు తలఁతురు. ఇది సరికాదు. రెండు పేర్లును బ్రాచీనములే. వాని యర్థములు మాత్రము వేఱు.

పార్స యనునది యాదేశమున దక్షిణభాగమందలి యొక మండలము. కైరసు, డరయసు చక్రవర్తుల సామ్రాజ్యమున కదియే మూలస్థానము. కావున గ్రీకు లామండలనామమును సామ్రాజ్యమున కెల్ల నన్వయించిరి. సంస్కృతమునఁ బారసీక శబ్దమును దజ్జన్యమే. రఘువంశ చతుర్థసర్గమున రఘువు జయించినవారు పారసీకులు. అరబ్బీభాషయందుఁ బకారము లేమిచే నామండలము ఫార్స్ అయ్యెను. ఫార్సీ యను భాషానామ మందుండి పుట్టినదే.

ఈరాను శబ్దము ఆర్యశబ్దభవము. క్రీ. పూ. 522 మొదలు 486 వఱకు నేలిన డరయసు నఖ్షె రుస్తం శాసనమునఁ దన్నుఁ బార్సుఁడనియు నార్యుఁడనియుఁ గూడఁ జెప్పికొనెను. మొదటిపదము మండలమును, రెండవది విశాలమగు జాతిని దెలుపును. క్రీ. శ. 3వ శతాబ్దమున సాసానీయరాజులు 'ఏరాన్' రాజాధిరాజులమని బిరుదు వహించిరి. 1010 ప్రాంతమున ముగిసిన ఫిరదౌసి షానామాయందును దేశము ఈరానే. 1935లో రెజా షా పరదేశప్రభుత్వములను వాడుఁడని కోరినది క్రొత్తపేరు గాదు, స్వజనులు చిరకాలముగాఁ బిలుచుచున్న పేరే. 1959లో రెండును వాడవచ్చునని యాప్రభుత్వమే యనుమతించెను.

మనదేశమునకును నిదియే గతి. పైశాసనముననే సింధుప్రాంతము 'హిందు' రూపమునఁ గలదు. సకారము హకారమగుట యాభాషాధర్మము. ఆయేకదేశనామమే క్రమముగా సమస్తదేశమునకుఁ జెల్లెను.

కావునఁ బ్రాచీనగ్రంథములఁ బారసీక హిందు శబ్దములు కానవచ్చునపుడు, మండలమా, సమస్తదేశమా యని కాలమునుబట్టి విచారింపక యర్థము చెప్పరాదు.