పిల్లల ఆన్‌లైన్ భద్రత: ముందుగా నేర్పవలసింది

ఆన్‌లైన్ భద్రత పాఠం అనగానే తరగతిలో సాధారణంగా వినిపించేది ఒక నిషేధాల పట్టిక. అపరిచితులతో మాట్లాడవద్దు, ఫోటోలు పంపవద్దు, ఓటీపీ చెప్పవద్దు. ఇవన్నీ సరైన మాటలే. కాని వద్దన్న పనిని పిల్లవాడు అప్పటికే చేసి ఉంటే ఆ తరవాత ఏం చేయాలన్న ప్రశ్నకు ఆ పట్టికలో జవాబు ఉండదు. మీలో కొందరు బడిలో బోధిస్తూనో, ఇంటి దగ్గర ట్యూషన్లు చెబుతూనో, సొంత పిల్లలను చదివించుకుంటూనో ఈ కోర్సు చదువుతూ ఉండవచ్చు. అటువంటివారికి ఈ ప్రశ్న పరీక్ష కోసం మాత్రమే కాదు.

ముందుగా మన ఇళ్ల సంగతి చూద్దాం. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. పాఠం టీవీలో వచ్చినా హోంవర్కు చాలా ఇళ్లలో వాట్సాప్‌లోకి వచ్చింది. అలా పిల్లల చేతికి వచ్చిన ఫోను చాలావరకు పిల్లలది కాదు, నాన్నదో అమ్మదో. అందులోనే బ్యాంకు ఖాతా, ఫోన్‌పే, కుటుంబం ఫోటోలు అన్నీ ఉంటాయి. పిల్లలకు సొంత ఫోను, సొంత ఖాతా ఉంటాయనుకుని తయారుచేసిన బోధన సామగ్రిని అలాగే తెలుగులోకి దించితే మన తరగతికి సగమే పనికొస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకోండి. ఆరో తరగతి కుర్రాడు నాన్న ఫోనులో ఆట ఆడుతుంటాడు. ఆటలో పరిచయమైన 'అన్న' ఒకడు ఉచితంగా డైమండ్లు ఇస్తానని, ఫోనుకు వచ్చే ఆరంకెల సంఖ్య చెప్పమని అడుగుతాడు. కుర్రాడు చెప్తాడు, డబ్బు పోతుంది. ఇక్కడ సమయం చాలా విలువైనది. 1930 నంబరుకు వెంటనే ఫోను చేస్తే, పోయిన సొమ్ము నేరగాడి చేతికి పూర్తిగా అందకముందే బ్యాంకుల్లో ఆపించే అవకాశం ఉంటుంది. తెల్లారాక చేస్తే ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. కుర్రాడు తన్నులకు భయపడి రాత్రంతా నోరు మెదపకపోతే లాభం ఎవరికి?

పై తరగతుల్లో ఇంతకన్నా కఠినమైన సందర్భం వస్తుంది. అందమైన ప్రొఫైలుతో ఒకరు స్నేహం చేస్తారు. వారాల తరబడి మంచిగా మాట్లాడతారు. తరవాత ఒక ఫోటో అడుగుతారు. అది చేతికందగానే గొంతు మారుతుంది: డబ్బు పంపు, లేదా ఇంకో ఫోటో పంపు, లేకపోతే మీ బంధువులందరికీ చూపిస్తాను. అడిగింది ఇచ్చినంత మాత్రాన బెదిరింపు ఆగదు, ఇస్తారని తెలిసినవాడు మళ్లీ అడుగుతాడు. వాడి పెట్టుబడి ఆ ఫోటో ఒక్కటే కాదు. ఈ పిల్ల ఇంట్లో చెప్పదన్న నమ్మకం అంతకన్నా పెద్ద పెట్టుబడి. ఈ సంగతిని తొమ్మిదో తరగతి పిల్లలకు దాపరికం లేకుండా వివరించాలని నా అభిప్రాయం. వయసుకు తగదని తప్పించుకునే పెద్దలున్నారు. బెదిరించేవాడు ఆ వయసు చూసి ఆగడు.

కాబట్టి ముందుగా నేర్పవలసింది చెప్పడం. దీన్ని ఉపన్యాసంగా కాక అభ్యాసంగా చేయించండి. 'టీచర్, నాకొక ఇబ్బంది వచ్చింది, మీతో ఒంటరిగా చెప్పాలి' అనే వాక్యాన్ని పిల్లలు నిజంగా పలకాలి. ఇంట్లో ఎవరికి చెప్పగలరో, వారు లేకపోతే ఇంకెవరికో ఒక్కొక్కరు మనసులో అనుకోవాలి. ఎవరూ తోచని పిల్లలకు 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ రాత్రీపగలూ ఉంటుంది. ఆ నంబరు గోడమీద ఉంటే చాలదు, కంఠతా రావాలి.

చెప్పిన తరవాత మీ మొదటి మాట ఏమిటన్నదాన్ని బట్టే మిగతాది నడుస్తుంది. 'ఎందుకు పంపావు?' అన్నారంటే ఆ తలుపు మూసుకుంటుంది. 'చెప్పి మంచి పని చేశావు, మనం చూసుకుందాం' అనండి. తల్లిదండ్రుల సమావేశంలోనూ ఒక మాట తీసుకోండి: పిల్లలు తామంతట తాము చెప్పిన విషయానికి శిక్షగా ఫోను లాక్కోకూడదు. దీనికి ఒప్పుకోని తండ్రులు ఉంటారు. ఫోను పోతుందన్న భయమే పిల్లల నోరు కట్టేస్తుందని వారికి ఓపికగా వివరించాలి.

ఆధారాల విషయంలో పెద్దలు చేసే పొరపాట్లు రెండు. మొదటిది, కంగారులో సందేశాలన్నీ చెరిపేయడం. ఎదుటివాడి ప్రొఫైలు పేరు, నంబరు, బెదిరింపు మాటలు, డబ్బు పంపిన వివరాలు పోలీసులకు కావాలి. రెండోది మరీ ప్రమాదకరం: పిల్లల అభ్యంతరకర ఫోటోను ప్రధానోపాధ్యాయుడికి చూపిద్దామని తమ ఫోనుకు పంపుకోవడం. సమాచార సాంకేతిక చట్టం 67బి సెక్షన్ ప్రకారం అటువంటి చిత్రాలను ఇతరులకు పంపడం నేరం. కాపీ తీయకుండా, ఫోనును ఉన్నదున్నట్టుగా పోలీసులకు చూపించండి.

ఫోటో పాకిపోతుందన్న భయానికి కొంత ఉపశమనం ఉంది. 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఆ చిత్రాన్ని ఎక్కడికీ పంపకుండా, ఫోనులోనే దానికొక అంకెల వేలిముద్రను తయారుచేస్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి భాగస్వామ్య వేదికలు ఆ ముద్రతో పోల్చి చిత్రాన్ని తొలగించగలవు. వాట్సాప్ వంటి ఎన్‌క్రిప్ట్ అయిన సందేశాల్లో మాత్రం ఇది పనిచేయదు.

చివరగా చట్టం. లైంగిక నేరాల నుంచి పిల్లలకు రక్షణ కల్పించే పోక్సో చట్టం, 2012లోని 19వ సెక్షన్ ప్రకారం, ఇటువంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు సమాచారం ఇవ్వాలి. బడి పరువు కోసం లోపలే సర్దుబాటు చేసే వెసులుబాటు చట్టంలో లేదు. సమాచారం ఇవ్వనివారికి 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు, తన కింద పనిచేసేవారి నేరాన్ని తెలియజేయని సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ఈ శిక్ష పిల్లలకు వర్తించదు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై సివిల్ గాని క్రిమినల్ గాని ఎటువంటి బాధ్యతా ఉండదని 19వ సెక్షనే చెబుతోంది.