అనాటమీకి రోగికథ చాలునా?

వైద్యవిద్యార్థులలో ఇటీవల నొక వదంతి విచ్చలవిడిగా సంచరించుచున్నది: శరీరనిర్మాణశాస్త్రమును రోగుల వృత్తాంతములతో బోధించుచున్నప్పుడు శవచ్ఛేదన మనవసరమట! 2019లో వచ్చిన పాఠ్యప్రణాళిక ప్రథమ సంవత్సరము నుండియే విద్యార్థికి రోగిని చూపుమన్నది నిజమే. శవమును ప్రథమగురువుగా నెంచుమని ఆ ప్రణాళికయే చెప్పినమాట మాత్రము ఈ మేధావుల చెవికెక్కలేదు. తత్ఫలితముగా డిసెక్షన్ హాలులో కత్తి పట్టువాడొకడు, పుస్తకము చదువువాడొకడు. తక్కినవారందఱు వరండాలో సెల్‌ఫోను వీడియోల పాలు.

తాటిచెట్టుపైనుండి పడి దండయెముక నడుమ విరిగిన గీతకార్మికుని గైకొందము. మణికట్టు వ్రేలాడుచున్నది, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ, చేతి వెనుకవైపున, స్పర్శ లేదు, అయినను మోచేయి చాపుమన్న చాపుచున్నాడు. రేడియల్ నరము దెబ్బతిన్నదని బట్టీపట్టినవాడైనను చెప్పగలడు. కాని ఆ నరమే నడపు ట్రైసెప్స్ కండరమేల చెడలేదు? ఆ కండరపు పొడవాటి తలను, వెలుపలి తలను వేరుచేసి చూచినవానికి, దానికి పోవు శాఖలలో పెక్కు విరిగినచోటికి పైననే చీలిపోవుటయు, పిమ్మట నరము ఎముక వెనుకనున్న గాడిలో దాని నంటుకొని మెలిదిరిగి దిగుటయు కన్నులకు గట్టును. ఈ ప్రశ్న పుట్టనివానికి ఆ గాడి పరీక్షకు ముందురాత్రి చదివిన నాలుగు పంక్తులు. ప్రశ్న పుట్టియు బల్లదరికి రానివానికి అదియును దక్కదు.

బల్లదరికి వచ్చినవానికి, ధమనులు ఎఱ్ఱగను, నరములు పచ్చగను పటములందువలె నుండునన్న భ్రమ తొలిదినమే తొలగును. అనాటమీ యన వట్టి బట్టీయే యనువారికి పై రోగియే సమాధానము.

కథలతోనే నేర్చినవానికి నడుమ ఖాళీలు మిగులునని వృద్ధాచార్యులు గొణుగుదురు, ఒప్పుకొనక తప్పదు. చేతికిని ఉదరమునకును కథలు కుప్పలు. తఱచు రోగమంటని భాగముల నడుగు నాథుడు లేడు. కావున ఛేదనము క్రమము తప్పక సాగవలయును, కథ దానివెంట నడువవలయును.

అధ్యాపకులు రోగము పేరు ముందే చెప్పి పాఠమును పాడుచేయకుందురు గాక. ఉదాహరణకు, నొప్పి తొలుత బొడ్డు చుట్టు పుట్టి, కొన్ని గంటలకు కుడివైపు పొత్తికడుపున నిలిచినదని మాత్రమే చెప్పి, ఎందుకని యడిగి, ఊరకుండవలయును. విద్యార్థులు ఆ పూటనే ఆ ప్రాంతమును తెఱచి చూడవలయును. కత్తి అందనివాడు తన వంతు నడిగి పుచ్చుకొనవలయును.